నకషిమా హిరోషి, జపాన్ సెలడాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

నీలిపచ్చ గాజుపూత ఉన్న పింగాణీని సెలడాన్ అంటారు. జపాన్ సెలడాన్ గురించి తెలుగులో చదవడానికి దొరికేది చాలా తక్కువ. ఫొటోలు చూసి ఆసక్తి పెంచుకున్నవారు అడిగే ప్రశ్నలు మాత్రం చాలా ఉన్నాయి. వాటికి నకషిమా హిరోషి అనే ఒక్క కళాకారుడి జీవితం ఆధారంగా ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఒక రంగునే పట్టుకుని జీవితమంతా పనిచేసిన మనిషి కథ తెలిస్తే సెలడాన్ ఏమిటో కూడా తెలుస్తుందని నా నమ్మకం.

నకషిమా హిరోషి ఎవరు?

జపాన్ దక్షిణాన ఉన్న క్యుషు ద్వీపంలో, సగా జిల్లా తకెవొ పట్టణ పరిధిలో 1941లో పుట్టారు. 2018 మార్చిలో కన్నుమూశారు. 2007లో జపాన్ ప్రభుత్వం సెలడాన్ విభాగంలో ఆయనను ‘సజీవ జాతీయ నిధి’గా గుర్తించింది. కొన్ని చోట్ల ఆయన పేరు నకజిమా అని కూడా కనిపిస్తుంది. రెండు పేర్లూ ఒకరివే, వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి.

సెలడాన్ అంటే ఆకుపచ్చ రంగు వేసిన పింగాణీయేనా?

కాదు. రంగు వేయడం అనే పనే అక్కడ లేదు. మట్టి పాత్ర మీద గాజులా కరిగే పూత ఒకటి పోస్తారు. రాతిపొడి, సున్నం, బూడిద వంటివి నీళ్లలో కలిపిన చిక్కని ద్రవమది. అందులో వందకు ఒకటి నుంచి మూడు పాళ్ల వరకు ఇనుము ఉంటుంది. కాల్చక ముందు చూస్తే ఆ పూత బూడిదరంగులోనో మట్టిరంగులోనో ఉంటుంది తప్ప పచ్చదనం ఛాయ కూడా కనిపించదు. నీలం, ఆకుపచ్చ అన్నీ బట్టీలోనే పుడతాయి. జపాన్‌లో దీన్ని సెయ్‌జి అంటారు.

ఇనుము ఉంటే ఎర్రగానో గోధుమరంగులోనో రావాలి కదా?

మంచి ప్రశ్న. మామూలుగా కాలిస్తే అలాగే వస్తుంది. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే జాడీకి పైభాగాన ఉండే గోధుమరంగు కూడా ఇనుము ఇచ్చిందే. అదే ఇనుము సెలడాన్‌లో నీలంగా మారడానికి కారణం గాలి కరువు.

బట్టీ సుమారు 950 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాక లోపలికి వెళ్లే గాలిని తగ్గిస్తారు. ఇంధనం పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి ఆక్సిజన్ కావాలి. గాలిలో దొరకదు కనుక పూతలోని ఇనుప ఆక్సైడ్ నుంచి లాక్కుంటుంది. ఆక్సిజన్‌లో కొంత పోగొట్టుకున్న ఇనుము, కరిగిన గాజులో నీలి పచ్చ ఛాయనిస్తుంది. పూత కరిగి పైన మూసుకుపోక ముందే ఈ మార్పు జరగాలి. ఆ తర్వాత ఎంత పొగ పెట్టినా లోపలి ఇనుముకు అందదు. అక్కడి నుంచి 1200 డిగ్రీలు దాటేదాకా ఇదే స్థితిని కాపాడుకుంటూ వెళ్లాలి. పొగ మరీ ఎక్కువైతే పూత మసిపట్టినట్టు బూడిదరంగుకు తిరుగుతుంది, తక్కువైతే పసుపు పచ్చగా వస్తుంది.

అయితే ఒకే పూత మిశ్రమం వాడితే అందరికీ ఒకే రంగు రావాలి. ఎందుకు రాదు?

పూతలో ఇనుముతోపాటు ఇంకేముందో చూడాలి. కొద్దిగా టైటానియం కలిసినా రంగు ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అది లేని స్వచ్ఛమైన ముడిసరుకుతో నీలానికి దగ్గరవుతుంది. పూత కింద ఉన్న మట్టి తెల్లనిదైతే వెలుగు వెనక్కి తిరిగి వస్తుంది. ఇనుము ఎక్కువగా ఉన్న ముదురు మట్టి అయితే రంగు బరువెక్కుతుంది. పూతలో చిక్కుకున్న సన్నని గాలిబుడగలు, పూర్తిగా కరగని రేణువులు వెలుగును చెదరగొట్టి పచ్చరాయిలాంటి మెత్తని మెరుపునిస్తాయి. నెమ్మదిగా చల్లార్చారా, తొందరగా చల్లార్చారా అన్నదీ లెక్కలోకి వస్తుంది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది పూత మందం. పలుచగా ఉన్న చోట సెలడాన్ దాదాపు రంగు లేనట్టే ఉంటుంది. మందం పెరిగేకొద్దీ రంగు లోతవుతుంది. నకషిమా పనిని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఆయన సెలడాన్ వైపు ఎలా వచ్చారు?

కుండల పని తెలిసిన ఇంట్లో పుట్టారు. చుట్టూ ఉన్న కొండవాలుల్లో వందల ఏళ్ల నాటి బట్టీల శిథిలాలు ఉండేవి. యువకుడిగా ఆ చోట్ల తిరుగుతూ పగిలిన పెంకులు ఏరేవారు. పెంకును చేతిలోకి తీసుకుంటే విరిగిన అంచున మట్టి ఎంత మందమో, పూత ఎంత మందమో విడివిడిగా కనిపిస్తాయి. మ్యూజియం అద్దం వెనక నిండు పాత్ర ఆ రహస్యం చెప్పదు. పింగాణీ నేర్చుకునేవారికి పెంకును మించిన పుస్తకం లేదని నేను గట్టిగా అంటాను. నకషిమా చదివిన పుస్తకాలు అవే.

1960ల చివర, ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్ల వయసులో సొంతంగా పని మొదలుపెట్టి, యుమినో అనే పాత బట్టీ ఉన్న స్థలంలోనే తన బట్టీ కట్టుకున్నారు. పాత యుమినో పనివాళ్లు ఇనుప రంగుతో, రాగి పచ్చతో పెద్ద జాడీల మీద దేవదారు చెట్లు గీసినవారు. అంటే ఆ స్థలానికి పేరు తెచ్చింది బొమ్మల పింగాణీ, సెలడాన్ కాదు. అక్కడ కూర్చుని బొమ్మ లేని ఒంటిరంగు పాత్రలకు జీవితం అంకితం చేయడం చిన్న నిర్ణయం కాదు. తర్వాతి కాలంలో చైనా వెళ్లి, సెలడాన్‌కు పుట్టిల్లుగా చెప్పుకునే లొంగ్‌చువాన్ పాత బట్టీలను కూడా స్వయంగా చూశారు.

సగా ప్రాంతంలో ముందునుంచీ సెలడాన్ ఉందా?

ఉంది. 1592–98 మధ్య జపాన్ పాలకుడు హిదెయొషి కొరియాపై జరిపిన దండయాత్రల తర్వాత అక్కడి కుమ్మరులను పశ్చిమ జపాన్ ప్రభువులు తమ ప్రాంతాలకు తీసుకొచ్చారు. చాలామంది ఇష్టపడి వచ్చినవారు కారు. 1610ల్లో సగా ప్రాంతపు అరితలో జపాన్ తొలి పింగాణీ తయారైంది. ఆ తర్వాత ఇమరి దగ్గరి ఒకవచియమ లోయలో ఆ ప్రాంతాన్ని ఏలిన నబెషిమా ప్రభువుల కోసం నడిచిన బట్టీల్లో, ఆ చుట్టుపక్కల దొరికే రాతితోనే సెలడాన్ చేశారు. కనుక నకషిమా పరాయి సంప్రదాయాన్ని అరువు తెచ్చుకోలేదు, ఆయన పెరిగిన నేలలోనే దాని ముక్కలు ఉన్నాయి.

సెలడాన్ పట్టుకుంటే ఇల్లు గుల్లవుతుందని జపాన్ కుమ్మరులు అంటారట. నిజమేనా?

ఆ మాట ఉంది, అతిశయోక్తి కాదు. పనిని దశలవారీగా ఊహించుకోండి.

రంగు లోతుగా రావాలంటే పూత మందంగా ఉండాలి. మందమైన పూత ఒకేసారి నిలవదు, ఎండుతూనే బీటలు వారి పొరలుగా ఊడిపోతుంది. అందుకని ఒక పొర వేసి, ఆరనిచ్చి, మరో పొర వేస్తారు. కొందరు మధ్యమధ్య తక్కువ వేడిలో కాల్చి మళ్లీ వేస్తారు. చైనాలో దక్షిణ సోంగ్ రాజుల కాలపు ఆస్థాన పాత్రల్లో కొన్నింటికి మట్టిగోడ కంటే పైపూతే మందం. అంత పూత బట్టీలో కరిగినప్పుడు కిందికి జారుతుంది. పాదం దాటి జారితే పాత్ర కింది పలకకు అతుక్కుపోతుంది. అప్పుడు రెండూ పోయినట్టే.

చల్లారేటప్పుడు ఇంకో గండం. మట్టి ఒక లెక్కలో ముడుచుకుంటుంది, గాజుపూత ఇంకో లెక్కలో ముడుచుకుంటుంది. తేడా కొద్దిగా ఉంటే అందమైన సన్నని బీటలు వస్తాయి, ఎక్కువైతే పాత్రే చీలిపోతుంది. పెద్ద జాడీ అయితే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పైగా సెలడాన్‌లో లోపాన్ని దాచే చోటు లేదు. బొమ్మలున్న పాత్ర మీద చిన్న మచ్చ ఆకు చాటునో పువ్వు చాటునో కలిసిపోతుంది. ఒంటిరంగు పాత్ర మీద గుండుసూది మొనంత చుక్క కూడా దూరం నుంచే కనిపిస్తుంది.

ఇన్నీ దాటి వచ్చిన పాత్ర రంగు కళాకారుడు కోరుకున్నది కాకపోవచ్చు. అప్పుడు దాన్ని పగలగొట్టేస్తారు. నెలల శ్రమ అలా పోతుంది. కుటుంబాన్ని పోషించుకోవాల్సిన కుమ్మరి దీని జోలికి పోకుండా ఉండడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆయన సెలడాన్‌లో ప్రత్యేకత ఏమిటి?

లోతైన నీలిపచ్చ రంగు ఒకటి. దాన్ని ఆయన పేరుతోనే ‘నకషిమా నీలం’ అనేవారున్నారు. కానీ రంగు దగ్గరే ఆగిపోతే సగమే చూసినట్టు.

అసలు గొప్పతనం చెక్కడంలో ఉంది. ఆయన జాడీలకు గోడలు మందంగా, ఆకారాలు దృఢంగా ఉంటాయి. కొన్నింటిని చూస్తే ప్రాచీన చైనా కంచు పాత్రలు గుర్తుకొస్తాయి. మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే వాటి మీద గీతలు, పలకలు, పొరలు పొరలుగా దిగే అంచులు చెక్కేవారు. తర్వాత పూత పోసేవారు. బట్టీలో కరిగిన పూత చెక్కిన గాడుల్లోకి దిగి నిలుస్తుంది, మిట్టల మీద నుంచి జారి పలుచబడుతుంది. పైన చెప్పుకున్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. మందం ఎక్కువైన చోట రంగు ముదురు, తక్కువైన చోట లేత. ఒక్క పూతతోనే గాడిలో ముదురు నీలం, మిట్ట మీద దాదాపు తెలుపు, మధ్యలో లెక్కలేనన్ని ఛాయలు వస్తాయి. కుంచె లేకుండా లోతుతో గీసిన చిత్రం అది.

చాలామంది సెలడాన్ కళాకారులు నున్నని పాత్రను ఆదర్శంగా పెట్టుకుని, పూతకు అడ్డు రాకుండా ఆకారాన్ని వెనక్కి తగ్గిస్తారు. నకషిమా దగ్గర ఆకారం పూతతో తలపడుతుంది. నాకు ఆయన పని నచ్చడానికి కారణం అదే. మెత్తని రంగుతో బరువైన, మొండి పాత్రలు చేయవచ్చని ఆయన చూపించారు.

పాత్ర మీద కనిపించే సన్నని బీటలు లోపమా?

లోపం కాదు, చాలా సందర్భాల్లో కోరి తెచ్చుకున్నవి. జపాన్‌లో వాటిని కన్న్యూ అంటారు. బట్టీ నుంచి బయటికి తీశాక పూత బీటలు వారుతూ సన్నని గంట మోగినట్టు టింగుమని శబ్దం చేస్తుంది. ఆ శబ్దం రోజుల తరబడి అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. బీటలు పూతకే పరిమితం, మట్టిగోడ చెక్కుచెదరదు.

ఎంత చెప్పినా ఇది వెయ్యేళ్ల నాటి చైనా పనికి నకలే కదా?

ఈ ప్రశ్నను జపాన్ సెలడాన్ కళాకారులందరూ ఎదుర్కొన్నారు. నేనైతే దీన్ని కర్ణాటక సంగీతం పాడేవారిని ‘త్యాగరాజు పాటలే కదా’ అని అడిగే ప్రశ్నతో సమానంగా చూస్తాను.

చైనా సెలడాన్ మీద జపాన్‌కు ఉన్న భక్తి మాత్రం నిజం. టోక్యో నేషనల్ మ్యూజియంలో బకొహన్ అనే గిన్నె ఉంది. దక్షిణ సోంగ్ కాలపు లొంగ్‌చువాన్ పని. దానికి చీలిక వస్తే షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) అషికగ యొషిమస దాన్ని చైనాకు పంపి, అలాంటిదే ఇంకొకటి కావాలని అడిగారట. అంతటి పని చేసేవారు ఇప్పుడు లేరని చెప్పి, చీలికను లోహపు కొక్కేలతో బిగించి అదే గిన్నెను తిప్పి పంపారని కథ. ఆ కొక్కేలతోనే గిన్నెకు విలువ పెరిగింది.

అంత భక్తి ఉన్న చోట నకలు దగ్గరే ఆగిపోవడం చాలా సులభం. సోంగ్ పాత్ర పక్కన పెడితే తేడా తెలియని పాత్ర చేయడమే లక్ష్యంగా బతికినవారూ ఉన్నారు, వారి నైపుణ్యాన్ని తక్కువ చేయను. నకషిమా చెక్కడం మాత్రం సోంగ్ పాత్రల పక్కన పెడితే వెంటనే వేరుగా తెలిసిపోతుంది. పూత గురించిన జ్ఞానం పాతది. ఆ పూత కోసం సిద్ధం చేసిన ఆకారం ఆయనది.

‘సజీవ జాతీయ నిధి’ అంటే బిరుదా, ఉద్యోగమా?

జనం వాడుకలో ఉన్న పేరు అది. చట్టం ప్రకారం, ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా ప్రకటించిన ఒక విద్యను చేతిలో నిలుపుకున్న వ్యక్తి అని అర్థం. 1950లో వచ్చిన సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టాన్ని 1954లో సవరించి, 1955లో తొలి ఎంపికలు చేశారు. హమద షోజి, తొమిమొతొ కెంకిచి వంటి కుమ్మరులు ఆ తొలి జట్టులోనివారే. ఎంపికైనవారికి ప్రభుత్వం ఏటా 20 లక్షల యెన్‌లు ఇస్తుంది. తమ విద్యను మెరుగుపరచుకోవడానికి, తర్వాతి తరానికి నేర్పడానికి ఇచ్చే సొమ్ము అది. ఎంపికైన వ్యక్తి మరణిస్తే ఆ గుర్తింపు కూడా ముగుస్తుంది, వారసులకు రాదు.

సెలడాన్ విభాగంలో నకషిమా కంటే ముందు 1997లో మియుర కొహెయ్‌జి ఎంపికయ్యారు.

అంతకు ముందు వచ్చిన గుర్తింపులు?

1977లో జపాన్ సంప్రదాయ హస్తకళల ప్రదర్శనలో ప్రోత్సాహక బహుమతి, 1983లో జపాన్ సెరామిక్ సొసైటీ పురస్కారం. ఆ ప్రదర్శన ఏటా జరుగుతుంది, దానిలో చోటు దొరకడమే ఒక మెట్టు ఎక్కినట్టు.

పాత్రలకు పేర్లు ఎందుకు అంత పొడిపొడిగా ఉంటాయి?

‘చెక్కిన నగిషీ గల సెలడాన్ జాడీ’ వంటి పేర్లే ఉంటాయి. ఆ ప్రదర్శనల సంప్రదాయం అది. ముందు పదార్థం, తర్వాత చేసిన పద్ధతి, చివర ఆకారం చెబుతారు. పేరులో కవిత్వం వెతకకండి.

జపాన్‌లో ఇంకెవరి సెలడాన్ చూడాలి?

ముగ్గురి పేర్లు చెబుతాను.

మియుర కొహెయ్‌జి (1933–2006) సదొ ద్వీపంలో పుట్టారు. టోక్యో కళా విశ్వవిద్యాలయంలో శిల్పం చదువుకున్నారు. సదొలో దొరికే ఇనుము నిండిన ఎర్రమట్టి మీద నీలి సెలడాన్ పూత పోసి, తెల్లమట్టితో రాని గంభీరతను సాధించారు. దేశాలు తిరిగి చూసిన మనుషులను, పశువులను పాత్రల మీద చిన్న బొమ్మలుగా చిత్రించారు. మూతల మీద చిన్న శిల్పాలుగా కూడా కూర్చోబెట్టారు. సెలడాన్‌లో ఇంత సరదా ఉన్న పని అరుదు.

కవసె షినొబు 1950లో పుట్టారు, టోక్యోకు దక్షిణంగా ఉన్న ఒఇసొలో పనిచేస్తారు. తాత, తండ్రి కూడా కుమ్మరులే. పలుచని అంచులు, పూరేకులా వంగే గిన్నెలు ఆయన సొత్తు. నకషిమా బరువును ఇష్టపడితే కవసె తేలికదనాన్ని ఇష్టపడ్డారు.

ఫుకమి సుయెహరు 1947లో క్యోటోలో పుట్టారు. ఆయనది తెల్లని పింగాణీ మీద లేత నీలి పూత. సారెను పక్కన పెట్టి, పింగాణీ మట్టి ద్రవాన్ని గాలి ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించే పద్ధతిని ఎంచుకున్నారు. కత్తి అంచులాంటి పొడవైన శిల్పాలు అలా పుట్టాయి. 1985లో ఇటలీలోని ఫాయెంజాలో జరిగిన అంతర్జాతీయ పోటీలో అగ్ర బహుమతి గెలిచారు. పాత్ర చేయకుండా సెలడాన్ సంప్రదాయంలో ఉండవచ్చా అని అడిగేవారికి ఆయన శిల్పాలు చూపించండి.

తెలుగు నేలకు సెలడాన్‌తో ఏమైనా సంబంధం ఉందా?

జపాన్ సెలడాన్‌తో కాదు గానీ, దానికి మూలమైన చైనా సెలడాన్‌తో ఉంది. మధ్యయుగంలో చైనా ఓడలకు కోరమాండల్ తీరం దారిలోనే ఉండేది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి విదేశీ వర్తకులకు రక్షణ ఇచ్చింది ఆ కాలంలోనే. నెల్లూరు ప్రాంతపు తీరంలోని కొత్తపట్నం తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. దక్షిణ భారత తీరం వెంట ఇలాంటి పెంకుల కోసం వెతికిన పరిశోధకుల్లో జపాన్ చరిత్రకారుడు కరషిమా నొబోరు ముఖ్యులు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా సెలడాన్ పాత్రలు ఉన్నాయి. అక్కడికి వెళ్లినవారు గడియారం దగ్గరే గంట గడిపి వెళ్లిపోతారు. దయచేసి తూర్పు ఆసియా గదులకూ సమయం ఇవ్వండి.

సెలడాన్ పళ్లెంలో విషం పెడితే పగిలిపోతుందా?

పగలదు. మొగలు దర్బారుల్లో, దక్కన్ నవాబుల ఇళ్లలో ఆ నమ్మకం గట్టిగా ఉండేది. అలాంటి పళ్లేలను గోరీ పళ్లేలు అనేవారు. విషానికి స్పందించే గుణమేదీ ఆ పూతలో లేదు. నమ్మకం పుణ్యమా అని ఎన్నో పళ్లేలు జాగ్రత్తగా దాచబడి మన వరకు వచ్చాయి.

నకషిమా పనిని ఎక్కడ చూడవచ్చు? చూసేటప్పుడు ఏం గమనించాలి?

జపాన్ వెళ్తే అరితలోని క్యుషు సెరామిక్ మ్యూజియంతో మొదలుపెట్టడం మంచిది. ఆ ప్రాంతపు పింగాణీ చరిత్ర అంతా ఒక్కచోట దొరుకుతుంది. ఆధునిక హస్తకళల కోసం 2020లో కనజవకు తరలిన నేషనల్ క్రాఫ్ట్స్ మ్యూజియం ఉంది. ఎప్పుడు ఏ పాత్ర బయట పెడతారో మారుతూ ఉంటుంది కనుక వెళ్లే ముందు కనుక్కోండి.

పాత్ర ముందు నిలబడినప్పుడు ముందుగా మూతి అంచు చూడండి, పూత అక్కడే పలుచబడుతుంది. తర్వాత పాదం దగ్గర చూడండి, పూత ఎక్కడ ఆగిందో, కింద మట్టి ఏ రంగో తెలుస్తుంది. ఆ రెంటి మధ్య రంగు ఎలా నడిచిందో గమనిస్తూ చుట్టూ తిరగండి. ఫొటోల్లో సెలడాన్ రంగు నమ్మదగినది కాదు. పగటి వెలుగులో నీలంగా ఉన్నది పసుపు దీపం కింద ఆకుపచ్చగా కనిపిస్తుంది.

సెలడాన్ కప్పు కొన్నాను. రోజూ వాడవచ్చా?

వాడవచ్చు. పూత మీద బీటలున్న కప్పు అయితే వాడే ముందు కాసేపు మంచినీళ్లలో నానబెట్టండి, టీ మరక తొందరగా ఇంకదు. వాడాక వెంటనే కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పసుపు, నూనె ఉన్న వంటకాలకు మాత్రం వద్దు. బీటల్లోకి దిగిన పసుపు మరక పోదు.

మన దగ్గర స్టూడియోలో సెలడాన్ చేయడం సాధ్యమేనా?

సాధ్యమే. 1200 డిగ్రీలు దాటే వేడి, గాలిని తగ్గించగల గ్యాస్ లేదా కట్టెల బట్టీ కావాలి. మామూలు విద్యుత్ బట్టీలో లోపల గాలి నిండుగా ఉంటుంది కనుక అదే పూత పసుపు గోధుమరంగులో వస్తుంది. మన ఊళ్లలోని కుమ్మరి ఆములు అంత వేడి ఎక్కవు, అక్కడి ఎర్రమట్టి కూడా అంత వేడికి నిలవదు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతక వాయువు, దానికి వాసన ఉండదు. బట్టీని ఆరుబయటో, గాలి బాగా ఆడే షెడ్డులోనో పెట్టండి. ఒకే పూతను ఒకటి, రెండు, మూడు పొరలుగా చిన్న పలకల మీద వేసి కాల్చి చూడండి. ఆ పలకల్లో ఒకదాన్ని విరిచి, అంచున పూత మందాన్ని కొలిచి రాసుకోండి.